వేణ్నీళ్లకు చన్నీళ్లు... సముద్రమే తోడు!

పిల్లల దగ్గరికి న్యూజిలాండ్ వెళ్లిన అమ్మానాన్నలు ఇష్టపడే ఒక్కరోజు యాత్రల్లో హాట్ వాటర్ బీచ్ ఒకటి. ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరే ఆ తీరంలో హాయిగా సేదదీరాలంటే పార, తువ్వాలుతో పాటు మీ ఒంటి సంగతులూ మీకు తెలిసుండాలి.

చేతిలో చిన్న పార. ఎదురుగా పసిఫిక్ మహాసముద్రం. అల వెనక్కి పోయిన తడి ఇసుకలో నాలుగు పారలు తవ్వగానే అడుగున నీళ్లు ఊరుతాయి. వేలు పెట్టి చూస్తే చురుక్కుమంటుంది! అంతలో ఇంకో అల వచ్చి కాసిని చల్లటి నీళ్లు పోసి పోతుంది. చిన్నప్పుడు అమ్మ కాగులో నీళ్లు కాచి, గంగాళంలో చన్నీళ్లు కలిపి, చెయ్యి పెట్టి చూసుకుని గానీ మన ఒంటి మీద పోసేది కాదు, గుర్తుందా? ఇక్కడ నీళ్లు కాచేది భూమి. చన్నీళ్లు ఇచ్చేది సముద్రం. సమంగా కలుపుకోవాల్సింది మాత్రం మీరే.

సరదా అంతా అందులోనే ఉంది. జాగ్రత్తపడాల్సిందీ అక్కడే. ఈ ఊటల్లో నీటి వేడి 64 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. అంత వేడినీళ్లు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి. మామూలుగా అయితే కాలు పెట్టగానే చురుక్కుమంటుంది, వెంటనే వెనక్కి లాగేసుకుంటాం. ఏళ్ల తరబడి షుగర్ ఉండి, అరికాళ్లలో స్పర్శ తగ్గినవారికి ఆ చురుకే తెలియదు. మనవలతో సరదాగా గడపడానికి వెళ్లి కాళ్ల బొబ్బలతో తిరిగి రాకూడదంటే బయల్దేరకముందే కొన్ని విషయాలు తెలుసుకోవాలి.

అక్కడా కోరమాండలే!

ఆక్లాండ్ నుంచి ఈ బీచ్ సుమారు 175 కిలోమీటర్లు. కారులో రెండున్నర గంటల ప్రయాణం. గైడ్‌తో వెళ్లే చిన్న బస్సులైతే మధ్యమధ్యలో ఆగుతూ ఇంకాస్త ఎక్కువ సమయం తీసుకుంటాయి. నగరం దాటగానే ‘బాంబే’ అన్న బోర్డు చూసి ఆశ్చర్యపోకండి. 1860ల్లో వలస వచ్చినవారిని తీసుకొచ్చిన ఓడ పేరది. ఆ తర్వాత మీరు చేరే ద్వీపకల్పం పేరు కోరమాండల్. అదీ ఓడ పేరే. 1820లో కలప కోసం ఇక్కడికి వచ్చిన ‘కోరమాండల్’ అనే బ్రిటిష్ నౌక, మన తూర్పు తీరం పేరు పెట్టుకున్నదే. అంటే, మన తీరం పేరు ఎప్పుడో అక్కడికి చేరిపోయిందన్నమాట.

ఈ వేడికి కారణం లక్షల ఏళ్ల కిందటి అగ్నిపర్వతాలు. అవి చల్లారిపోయినా లోతున ఉన్న రాళ్లలో వేడి ఇంకా మిగిలే ఉంది. ఆ రాళ్ల మధ్య వేడెక్కిన నీళ్లు పగుళ్ల గుండా పైకి వచ్చి, బీచ్‌లో రాళ్ల దగ్గర ఒకచోట ఇసుకలోంచి ఊరుతుంటాయి. మనకిది మరీ కొత్తేమీ కాదు. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుకలో గుంట తవ్వినా వేడినీళ్లు ఊరతాయి. అక్కడ నది, ఇక్కడ సముద్రం.

టైమ్‌టేబుల్ సముద్రానిదే

ఊటలున్న చోటు సముద్రం పోటు మీదున్నప్పుడు నీళ్ల కింద ఉంటుంది. ఆటు వేళకు బయటపడుతుంది. ఆటు బాగా తగ్గిన సమయానికి రెండు గంటల ముందు నుంచి, రెండు గంటల తర్వాత వరకే తవ్వుకోవడానికి వీలు. ఈ ఆటు రోజుకు రెండుసార్లు వస్తుంది. రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. కాబట్టి ఒకరోజు ఉదయం పదింటికి వీలైతే, వారం తర్వాత మధ్యాహ్నం మూడు దాటుతుంది. టికెట్ కొనేముందే ‘ఆ రోజు ఆటు ఎన్నింటికి? మనం బీచ్‌లో ఎన్ని గంటలుంటాం?’ అని అడగండి. అలలు పెద్దవిగా ఉన్న రోజున ఆటు వేళకు కూడా ఆ చోటు బయటపడకపోవచ్చు.

ఆరోగ్యం దృష్ట్యానూ ఈ సమయం ముఖ్యమే. సముద్రం మన భోజన వేళ చూసుకోదు. మధ్యాహ్నం ఒంటి గంటకు ఆటు ఉంటే, ‘ఒక్క అరగంట, తినేది తర్వాత తిందాం’ అనుకుంటూ మూడు చేస్తారు. ఇన్సులిన్ తీసుకునేవారికి, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవారికి ఇది ప్రమాదం. చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. పైగా వేడినీళ్లలో కూర్చుంటే చర్మానికి రక్తప్రసరణ పెరిగి, అప్పుడే చేసుకున్న ఇన్సులిన్ మామూలు కన్నా వేగంగా ఒంట్లోకి చేరుతుంది. చెమటలు, వణుకు, తల తేలిపోవడం మొదలైతే అవి వేడి వల్లేలే అని సరిపెట్టుకునే అవకాశమూ ఉంది. అందుకే పులిహోరో, చపాతీలో వెంట తీసుకెళ్లండి. మీ వేళకు మీరు తినేయండి. గ్లూకోజ్ బిళ్లలు చేతికందేలా ఉంచుకోండి.

కోరమాండల్ కొండదారిలో మలుపులు ఎక్కువ. ప్రయాణంలో వాంతులయ్యేవారు ముందు సీట్లో కూర్చోవడం, పొద్దున తేలిగ్గా తినడం మంచిది. వాంతుల మాత్ర వేసుకుంటే కొందరికి మత్తుగా ఉంటుంది. అలాంటివారు నీళ్లలో దిగేటప్పుడు తోడు లేకుండా దిగొద్దు.

ఆ నీళ్లు ఏం చేస్తాయి?

గోరువెచ్చని నీళ్లలో కాసేపు కూర్చుంటే చర్మంలోని రక్తనాళాలు వ్యాకోచిస్తాయి. బిగుసుకున్న కండరాలు వదులవుతాయి. మోకాళ్ల నొప్పులు, నడుంనొప్పి ఉన్నవారికి కొన్ని గంటల పాటు తేలిగ్గా అనిపిస్తుంది. రాత్రి మంచి నిద్ర కూడా పట్టొచ్చు. కీళ్లరుగుదల ఉన్నవారికి వేడి ఊటల స్నానాల వల్ల కొంతకాలం ఉపశమనం దొరుకుతుందని చెప్పే అధ్యయనాలూ ఉన్నాయి. అయితే అవి చాలా వరకు రోజుల తరబడి, నిండా నీళ్లున్న కొలనుల్లో చేయించిన స్నానాల మీద జరిగినవి. ఇసుక గుంటలో ఒక్క పూట కూర్చోవడం దానికి సమానం కాదు.

ఈ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, సిలికా లాంటి ఖనిజాలున్న మాట నిజమే. కానీ మన చర్మం స్పాంజి కాదు. పావుగంటలో ఆ ఖనిజాలు ఒంట్లోకి ఇంకిపోయి ఎముకలు గట్టిపడవు. షుగర్ తగ్గదు, సోరియాసిస్ మాయమవదు. ‘ఇక్కడ స్నానం చేస్తే మందులు అక్కర్లేదట’ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ఆ పూట మాత్రల డబ్బా మాత్రం వదలకండి.

అరికాలు చెప్పని సంగతి

షుగర్ పదేళ్లు దాటినవారిలో చాలామందికి కాళ్ల నరాలు నెమ్మదిగా దెబ్బతింటాయి. మొదట తిమ్మిర్లు, మంటలు. తర్వాత మొద్దుబారడం. చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకపోవడం, దూది మీద నడుస్తున్నట్టు అనిపించడం దీని గుర్తులే. విచిత్రం ఏమిటంటే, మంటలు తగ్గిపోయాయని కొందరు సంతోషిస్తారు. స్పర్శే పోవడం వల్ల మంట తెలియడం లేదని గ్రహించరు.

ఇలాంటివారికి హాట్ వాటర్ బీచ్‌లో రెండు చోట్ల అపాయం. ఒకటి నడక. పైకి మామూలుగా కనిపించే ఇసుక కిందే మరిగినట్టుండే నీళ్లుంటాయి. ఒక గుంట చల్లగా ఉంటే, మూడడుగుల అవతల గుంటలో చెయ్యి పెట్టలేం. రెండోది కూర్చోవడం. పైన నీళ్లు వెచ్చగానే ఉన్నా, అడుగు నుంచి వేడి ఊట వస్తూనే ఉంటుంది. కాళ్లు ఇసుకలో కూరుకుంటే అరికాలు, మడమ కాలిపోతాయి. ఆ కాలిన గాయం షుగర్ ఉన్నవారిలో తొందరగా మానదు. పుండు పడి, ఇన్ఫెక్షన్ లోపలికి పాకితే పరిస్థితి వేలు తీసేయాల్సినంత దూరం పోవచ్చు.

కాబట్టి ప్రయాణానికి ముందే మీ డాక్టర్ దగ్గర పాదాల పరీక్ష చేయించుకోండి. సన్నటి నైలాన్ పోగును పాదానికి ఆనించి, కంపించే ఫోర్క్‌ను ఎముకకు తాకించి చూస్తారు. అయిదు నిమిషాల పని. నొప్పి ఉండదు. స్పర్శ తగ్గిందని తేలితే గుంటలో కాళ్లు పెట్టకపోవడమే క్షేమం. బీచ్‌కి వెళ్లొద్దని కాదు. రబ్బరు చెప్పులు వేసుకుని, గుంట గట్టున తువ్వాలు పరుచుకుని కూర్చోండి. స్పర్శ బాగున్న వాళ్లెవరైనా వేడి సరిచూశాక చేతులు పెట్టుకోండి. అలల చప్పుడూ, మనవల కేరింతలూ అక్కడికి బాగానే వినిపిస్తాయి. పాదానికి పుండు, పగుళ్లలో రక్తం, మానని గాయం ఉంటే మాత్రం నీళ్లకు పూర్తిగా దూరంగా ఉండండి.

బీపీ మందులు వాడుతున్నారా?

వేడికి రక్తనాళాలు వ్యాకోచిస్తే రక్తపోటు తగ్గుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. కూర్చున్నంతసేపూ హాయిగానే ఉంటుంది. లేచి నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగి, కళ్లు తిరుగుతాయి. బీపీ మందులు, ప్రోస్టేట్ మందులు, నీరు తగ్గించే మాత్రలు వాడేవారిలో ఇది ఎక్కువ. అరవై దాటినవారు పడితే తుంటి ఎముకకే ముప్పు. అలాగని ఆ రోజు బీపీ మాత్ర మీ అంతట మీరు మానేయొద్దు. ప్రయాణం సంగతి డాక్టర్‌కు చెప్పి, ఏం చేయాలో అడగండి.

ఇటీవల గుండెపోటు వచ్చినవారు, కొద్దిగా నడిచినా ఛాతీనొప్పి వచ్చేవారు, గుండె బలహీనత ఉన్నవారు, జ్వరంతో ఉన్నవారు వేడినీళ్లలో కూర్చోకూడదు. గర్భిణులు కూడా అంతే. ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో తల్లి ఒంటి వేడి బాగా పెరిగితే బిడ్డ వెన్నుపాము, మెదడు ఏర్పడటంలో లోపాలు రావచ్చు. మద్యం తాగి దిగడం ఎవరికీ మంచిది కాదు.

ఇంకో మాట. తడి ఇసుక తవ్వడం తేలికైన పనేమీ కాదు. నడుంనొప్పి, గుండె జబ్బు ఉన్నవారు పార పిల్లల చేతికిచ్చి, సలహాలివ్వండి చాలు!

దిగే పద్ధతి ఇదీ...

* గుంట తవ్వాక ఒక పక్క సముద్రం వైపు చిన్న కాలువ తీయండి. చల్లటి నీళ్లు అందులోంచి వస్తాయి. మరీ చల్లబడితే ఇసుకతో కాలువ మూసేయండి.
* కాలితో కాదు, ముందు మోచేత్తో చూడండి. పిల్లల స్నానానికి వాడే థర్మామీటర్ ఉంటే మరీ మంచిది. 38 నుంచి 40 డిగ్రీలు చాలు. చిన్నపిల్లలకు 37 దాటనివ్వొద్దు. వాళ్లను ఎక్కువసేపూ ఉంచొద్దు.
* నీళ్లను అడుగు దాకా కలిపి, కూర్చునే చోట ఇసుకను కూడా తాకి చూడండి. అయిదు నిమిషాలకోసారి మళ్లీ చూడండి.
* ఇతరులు వదిలేసిన గుంట ఖాళీగా ఉందని గబుక్కున దిగొద్దు. భరించలేని వేడి వల్లే వాళ్లు వదిలేసి ఉండొచ్చు.
* పది, పదిహేను నిమిషాలు చాలు. ముందు గట్టు మీద కూర్చుని, ఒక నిమిషం ఆగి, ఎవరి చెయ్యయినా పట్టుకుని లేవండి. మంచినీళ్లు తాగండి.
* మన వేసవి సెలవుల్లో వెళ్తే అక్కడ చలికాలం వస్తుంటుంది. వెచ్చటి నీళ్లలోంచి చల్లగాలిలోకి వస్తారు కాబట్టి పొడి బట్టలు, స్వెటర్ దగ్గర పెట్టుకోండి.

మూడు మునకలు వద్దు

నీళ్లు కనిపిస్తే ముక్కు మూసుకుని మూడు మునకలు వేయడం మన అలవాటు. సహజమైన వేడి ఊటల్లో ఆ పని చేయొద్దు. న్యూజిలాండ్‌లోని ఇలాంటి కొలనుల దగ్గర ‘తల నీటి పైనే ఉంచండి’ అని హెచ్చరికలు కనిపిస్తాయి. కారణం ఓ అమీబా. కేరళ వార్తల్లో ‘మెదడు తినే అమీబా’ అని చదివే ఉంటారు. వెచ్చటి మంచినీళ్లలో, మట్టిలో బతికే ఇది ముక్కులోంచి మెదడుకు చేరుతుంది. చాలా అరుదు. కానీ సోకితే దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. తాగిన నీళ్ల వల్ల ఇది రాదు. కాబట్టి తల ముంచకుండా, ముఖం మీద చల్లుకోకుండా, పిల్లలను ఒకరి మీద ఒకరు నీళ్లు చిమ్ముకోనివ్వకుండా ఉంటే చాలు.

వేడెక్కింది కదా అని సముద్రంలోకి పరుగెత్తొద్దు. ఈ తీరంలో రిప్ కరెంట్లు, అంటే మనిషిని లోపలికి లాగేసే ప్రవాహాలు బలంగా ఉంటాయి. ఎరుపు, పసుపు జెండాలు పాతి లైఫ్‌గార్డులు కాపలా ఉన్నప్పుడు, ఆ జెండాల మధ్యే దిగాలి. జెండాలు లేకపోతే పాదాలు తడుపుకుని వచ్చేయండి. పొరపాటున ప్రవాహంలో చిక్కుకుంటే ఎదురీదకుండా తేలుతూ, చెయ్యి పైకెత్తి సాయం కోరాలి.

ఎండనూ తక్కువ అంచనా వేయొద్దు. చల్లగాలి వల్ల చురుకు తెలియదు గానీ, న్యూజిలాండ్ వేసవి ఎండలో అతినీలలోహిత కిరణాలు చాలా తీవ్రం. ‘మనది చామనఛాయే, మనకేం కాదులే’ అనుకోకుండా టోపీ, పొడవు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ వాడండి. చాలా యాత్రల్లో దగ్గర్లోని కథీడ్రల్ కోవ్ కూడా ఉంటుంది. అక్కడ ఎత్తుపల్లాలు, మెట్లతో కూడిన నడక. మోకాళ్ల నొప్పులున్నవారు రెండూ ఒకే రోజు పెట్టుకోవాలా అని ముందే ఆలోచించుకోవాలి.

కాలితే ఏం చేయాలి?

వెంటనే బయటికి వచ్చి, కాలినచోట 20 నిమిషాల పాటు ధారగా కుళాయి నీళ్లు పోయాలి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు, వెన్న రాయకూడదు. బొబ్బలు చిదమొద్దు. శుభ్రమైన పల్చటి ప్లాస్టిక్ కవరో, పొడి గుడ్డో వదులుగా కప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. షుగర్ ఉన్నవారి పాదం కాలితే, నొప్పి లేకపోయినా అదే రోజు చూపించాలి. అత్యవసరమైతే అక్కడ ఫోన్ నంబరు 111. ప్రమాదవశాత్తు గాయపడిన సందర్శకుల చికిత్స ఖర్చుకు అక్కడి ‘ఏసీసీ’ ప్రభుత్వ పథకం సాయపడుతుంది. గుండెపోటు, నిమోనియా లాంటి అనారోగ్యాలకు అది వర్తించదు. ప్రయాణ బీమా తీసుకోకుండా విమానం ఎక్కొద్దు. మందులు వాటి అసలు ప్యాకింగ్‌లోనే, డాక్టర్ చీటీతో సహా పట్టుకెళ్లండి.

ముందు రోజు రాత్రి ఒక్క మాట

పెద్దవాళ్లకు ఓ అలవాటుంది. పిల్లలు ఎంతో ఖర్చుపెట్టి, సెలవు పెట్టి తీసుకెళ్తున్నారు. ‘నాకు అరికాళ్లు తెలియడం లేదురా’ అంటే వాళ్లు బాధపడతారనో, యాత్ర మానేస్తారనో చెప్పరు. బీచ్‌లో ‘రా నాన్నా, కూర్చో’ అనగానే ‘ఆ, ఏం ఫర్వాలేదు’ అంటూ దిగిపోతారు. ఆ మొహమాటమే కాలు కాల్చేది. కాబట్టి ముందు రోజు రాత్రి భోజనాల దగ్గరే చెప్పేయండి. కాళ్ల సంగతి, కళ్లు తిరిగే సంగతి, ఏ మందు ఏ వేళకో అన్నీ. గైడ్‌కూ ఒక మాట చెప్పించండి.

మీరు ఆ పిల్లలైతే, వాళ్లు చెప్పేదాకా ఆగొద్దు. ‘అమ్మా, చెప్పు జారితే తెలుస్తోందా నీకు?’ అని అడగండి. అడిగి, ఈసారి నీళ్లలో మోచెయ్యి మీరు పెట్టి చూడండి. చిన్నప్పుడు మీకోసం ఆవిడ పెట్టి చూసింది కదా!